అనుమతి అడిగిన పాపానికి

‘మమ్మల్ని చూసి పారిపోవడానికి ప్రయత్నించగా చుట్టుముట్టి పట్టుకున్నాము’ అని రాశారు. ఆ వాక్యం గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. రిటైరై ఇంట్లో కూర్చొని బీపీ గోళీలు మింగుతున్నావు, ఇంకా ఎందుకు నీకీ కోపం అని మా కోడలు అడుగుతుంది. కోపం పోతే ఆ మనిషిని మరిచిపోతానేమో అని నా భయం. నర్సులుగా కొత్తగా చేరుతున్న పిల్లలారా, అందుకే ఇది మీకోసం రాస్తున్నాను. పేర్లు రాయను. రాస్తే మంచివాళ్ళు నొచ్చుకుంటారు, నొచ్చుకోవాల్సినవాళ్ళు మాత్రం దులిపేసుకొని పోతారు.

తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకి మా దవాఖానలో పాలియేటివ్ వార్డు తెరిచారు. అంటే రోగం ఇక నయం కాదని తేలిపోయినవాళ్ళకి నొప్పి, వాంతులు, పుండ్లు, దిగులు తగ్గించే వార్డు. ‘చావు వార్డు’ అని పేరు పెట్టింది బయటివాళ్ళు కాదు, మావాళ్ళే. అక్కడ డ్యూటీ పడితే ఏదో శిక్ష పడ్డట్టు మొహాలు పెట్టేవాళ్ళు. నేను అడిగి మరీ వేయించుకున్నాను. కొన్ని రోజులు వార్డులో పని, కొన్ని రోజులు వ్యాన్‌లో ఊళ్ళు తిరగడం. మంచం దిగలేనివాళ్ళ ఇళ్ళకే పోయి, పుండు కడిగి, మార్ఫిన్ గోళీలు ఇచ్చి, ఎప్పుడు ఎలా వేయాలో ఇంట్లోవాళ్ళకి నేర్పి వచ్చేవాళ్ళం.

మార్ఫిన్ కూడా మత్తుమందుల చట్టం కిందికి వచ్చేదే. దవాఖానకి గుర్తింపు ఉండి, డాక్టరు రాసి, తాళం వేసిన బీరువాలో పెడితే అది మందు. లేకపోతే నేరం. మా బీరువాకి రెండు తాళాలు. ఒక తాళంచెవి పెద్ద డాక్టరు దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరం కలిస్తేనే తెరుచుకుంటుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

దేవరకొండ నుంచి హాలియా పోయే వైపు ఒక ఊళ్ళో మాకొక పేషెంటు ఉండేది. గర్భసంచి క్యాన్సర్. హైదరాబాద్ తీసుకుపోయి, చేయించాల్సినవన్నీ చేయించి, ఇక ఇంటికి తీసుకుపొమ్మంటే వెనక్కి తెచ్చుకున్నారు. పిల్లలు లేరు. చూసుకునేది భర్త ఒక్కడే. వంట, స్నానం, మూత్రం గిన్నె, మందులు, అన్నీ ఆయనే. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆమెని అక్కా అనేదాన్ని.

ఆయన గ్రామ సహాయకుడిగా పనిచేసి దిగిపోయినవాడు. పాత రోజుల్లో సుంకరి అనేవారు. ఊరికి ఏ అధికారి వచ్చినా వెంట తిరగడం, పొలం గట్లు చూపించడం, పంచనామా మీద సాక్షి సంతకం పెట్టడం, ఊళ్ళో ఎవరి దరఖాస్తు ఉన్నా తహసీల్ ఆఫీసుకి మోసుకుపోయి అది కదిలేదాకా అక్కడే కూర్చోవడం, ఇదీ ఆయన బతుకు. మా బాపు కూడా అదే పని చేశాడు. అందుకే ఆ మనుషుల మనసు నాకు తెలుసు. సర్కారు అంటే వాళ్ళకి భయం కాదు, నమ్మకం. కాయితం పెట్టాలి, ఎంక్వైరీకి వస్తారు, చూపించాలి, సంతకం అవుతుంది. అది ఎంత ఆలస్యమైనా సరే, అవుతుందనే నమ్ముతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆయన కాళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి తాగి మోకాళ్ళ దగ్గర వంకరపోయాయి. నడుము వంగదు. కర్ర లేకుండా నాలుగడుగులు వేయలేడు. మంచం దగ్గర నుంచి వాకిట్లో కుండ దాకా పోయి చెంబెడు నీళ్ళు తెచ్చేలోపు నేను ఆమె బట్టలు మార్చేసేదాన్ని. మా జిల్లాలో అటువంటి కాళ్ళు చూసి ఎవరూ ఆగి చూడరు. ప్రతి వాడలోనూ ఉంటాయి కదా.

ఆమె మాటకారి. అంత నొప్పిలో కూడా మొగుణ్ణి ఆడుకునేది. "ఈయన నన్ను సుత దరఖాస్తు పెట్టే చేసుకున్నడు చెల్లె. మా నాయిన సంతకం పెట్టెదాక మా వాకిట్ల కెళ్ళి లేవలే," అనేది. ఆయన ముసిముసిగా నవ్వుకుంటూ ఆమె కాళ్ళు ఒత్తేవాడు.

మార్ఫిన్‌తో నొప్పి అదుపులోకి వచ్చింది. వాంతులు మాత్రం ఆగలేదు. మా దగ్గరున్న వాంతుల మందులన్నీ మార్చి మార్చి చూశాం. అన్నం చూస్తేనే కడుపులో తిప్పేది. మనిషి ఎండిపోతోంది. అప్పుడు వాళ్ళకి తెలిసిన ఆయుర్వేదం డాక్టరొకాయన ఒక చుక్కల మందు రాసిచ్చాడు. సీసా మీద ‘విజయ’ అని ఉంది. అది గంజాయి మొక్క ఆకు నుంచి తీసిన మందు. ఆయుర్వేదంలో ఆ ఆకుకి ఆ పేరు. లైసెన్సు ఉన్నవాళ్ళు తయారుచేసి, డాక్టరు చీటీ మీద అమ్మితే అది చట్టం ఒప్పుకున్న మందే. నాకు మొదట నమ్మకం కుదరలేదు. మా డ్యూటీ డాక్టరమ్మకి చూపించాను. ఆమె చదివి, తక్కువ చుక్కలతో మొదలుపెట్టమని, మత్తు ఎక్కువైతే వెంటనే ఆపమని చెప్పింది.

తర్వాతి సారి వ్యాన్ దిగేసరికి ఆమె గోడకి ఆనుకొని కూర్చొని ఉంది. కంచంలో జొన్న రొట్టె ముక్క, పచ్చిపులుసు. "తిన్న చెల్లె! కక్కలే!" అని నోరారా చెప్పింది. ఆయన పక్కనే నిలబడి తలూపుతున్నాడు, కళ్ళలో నీళ్ళు.

రోగం తగ్గిందని అనడం లేదు. ఆ ఆకు క్యాన్సర్‌ని తగ్గించదు. తగ్గిస్తుందని నూనెలు అమ్ముకునే దొంగలు చౌటుప్పల్ రోడ్డు మీద ఎంతమంది ఉన్నారో, ఫోన్లలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళని నమ్మి ఆపరేషన్ మానుకొని, చివరికి మా వార్డుకి చేరినవాళ్ళ పుండ్లు నేనే కడిగాను. వాళ్ళ జోలికి ఎవడూ పోడు. అది వేరే కోపం, ఇంకోసారి తిట్టుకుందాం. ఈమెకి జరిగింది చిన్న సంగతి. రెండు ముద్దలు కడుపులో నిలిచాయి. చావబోయే మనిషికి అది చిన్న సంగతి కాదు.

సీసా అయిపోయింది. రెండో సీసా రాలేదు. పార్సిలు వాళ్ళు ఆ ఊరికి రామన్నారు, దేవరకొండ దాకా వచ్చిన పార్సిలు ఫోను కలవలేదని వెనక్కి పంపేశారు. రాసిన డాక్టరుకి వేరే జిల్లాకి బదిలీ అయింది. మళ్ళీ వాంతులు మొదలయ్యాయి.

ఆ తర్వాత నేను పోయినప్పుడు ఆయన ఖాళీ సీసా ఒక చేతిలో, ఒక ఆకు ఇంకో చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. సీసా మీద ఆకు బొమ్మ ఉంది.

"సిస్టరమ్మా, గిదీ గదీ ఒక్కటేనా?"

"యాడిది అన్నా గిది?"

"ధాబా యెనకాల. లారీలు ఆగె కాడ. ఎవరో తాగి పారేసిన గింజలకు మొలిసినయ్. మేకలు సుత ముడుతలేవు."

నేను ఆయన చెయ్యి కిందికి దించాను. "తెంపకు అన్నా. నీకు దండం పెడ్త. సీసాల ఉంటె మందు, చేతుల ఉంటె గంజాయి. కేసైతది."

"పర్మిషన్ లేదు గాబట్టి కేసు. ఉంటె?"

"ఉంటె… చట్టంల ఉన్నదంట. మందు కోసమైతె సర్కారు పర్మిషన్ ఇయ్యొచ్చంట. ఎవలకిస్తరో, ఎవలిస్తరో నాకు తెల్వది."

"ఉన్నదంటె ఇస్తరు," అన్నాడాయన. ఎంత నిశ్చింతగా అన్నాడో!

నేను చెప్పింది నిజం. చెప్పినందుకు ఈనాటికీ నాకు చింత లేదు. నిజం వింటే జైలుకి పోయే రోజులొస్తాయని నాకెవరు చెప్పారు?

ఆయన ఏం చేశాడంటే, తెల్ల కాయితం మీద దరఖాస్తు రాయించాడు. ‘నా భార్య ఫలానా జబ్బుతో ఉన్నది, వాంతులకు ఈ ఆకు పనిచేస్తున్నది, దయతో వాడుకొనుటకు అనుమతి ఇప్పించగలరు’ అని. ఆ కాయితం, డాక్టరు చీటీ, ఖాళీ సీసా, నమూనాకి కొన్ని ఆకులు ఒక కవర్లో వేసుకొని, బస్సెక్కి నేరుగా ఆబ్కారీ, అంటే ఎక్సైజ్ స్టేషన్‌కి పోయాడు. ఏ స్టేషనో రాయను. భూమి దరఖాస్తుకి మట్టి నమూనా తీసుకుపోయిన మనిషి, దీనికి ఆకు నమూనా తీసుకుపోయాడు. ఇంత సిన్సియర్ నేరస్థుణ్ణి ఆ స్టేషన్ అంతకుముందు చూసి ఉండదు.

అక్కడి ఎస్సై కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. "మొక్కలు ఏడున్నయో చూపిస్తవా పెద్దమనిషీ?" అని అడిగాడు.

తర్వాత ఆయనే నాకు చెప్పాడు. "ఎంక్వైరీకి వస్తున్నరు అనుకున్న సిస్టరమ్మా. దరఖాస్తు పెట్టంగనే గింత జల్ది ఎంక్వైరీ ఎన్నడు కాలే. మస్తు సంబురమైంది."

జీపులో ముందు సీట్లో కూర్చొని దారి చూపించాడు. బతుకంతా చేసిన పనే కదా. ధాబా వెనక మొక్కలు చూపించాడు. వాళ్ళు వేళ్ళతో సహా పీకారు. వానాకాలం. పూత లేదు, గింజ లేదు, ఆకే. వేళ్ళకి నల్లమట్టి ముద్దలు ముద్దలుగా పట్టుకొని ఉంది. ఎరువుల దుకాణం కాంటా మీద ఆ మట్టితో, ఆ తడితో అలాగే తూచారు. చట్టంలో కిలో దాటితే ఒక లెక్క, దాటకపోతే ఒక లెక్క. దాటకపోతే స్టేషన్‌లోనే జామీను ఇచ్చి ఇంటికి పంపొచ్చు. దాటించారు.

అప్పుడు ఆయన ఏమన్నాడో తెలుసా? "సారూ, జర మట్టి దులుపుండ్రి. తూకం ఎక్కువొస్తది," అన్నాడు. వాళ్ళ లెక్క తప్పు కాకూడదని ఆయన తాపత్రయం!

తర్వాత పంచనామా రాసి సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. "ఎప్పటిలెక్క సాక్షి కాడ అనుకున్న. నిందితుని కాడనంట."

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ వారం మేము వ్యాన్‌లో పోయేసరికి ఆయన లేడు. తలుపు ఓరగా ఉంది. లోపల ఆమె మంచం మీద ముడుచుకొని, పళ్ళు బిగబట్టి, గోడని గీరుతోంది. పక్కన వాంతి గిన్నె నిండి ఉంది. ఆమె యారాలు, అంటే మరిది భార్య, మూలకి నక్కి కూర్చొని ఉంది.

"గోళీలేవి? నొప్పి గోళీలు? రాత్రి ఏసినవా?" అని అడిగాను.

"లేవు."

"లేవంటె? పోయినసారి ఇచ్చి పోయిన గద!"

"పెంటల పారేసిన. జీపుల వచ్చినోళ్ళు ఇల్లంత ఎతికిన్రు. గవి చూసి గివేంది అన్నరు. బావను తీస్కపోయిన్రు, మల్లొస్తె నన్ను సుత తీస్కపోతరని…" అంటూ ఆమె ఏడ్చేసింది.

ఆమెని ఏమనాలి? కూలికి పోయి బతికే మనిషి. మత్తుమందు కేసులో ఇంటి మగమనిషిని జీపెక్కించుకుపోతే, ఇంట్లో ఉన్న ఏ గోళీ మందో, ఏ గోళీ నేరమో ఆమెకెలా తెలుస్తుంది? తెలియాల్సినవాళ్ళకే తెలియలేదు. చట్టం ఇచ్చిన మార్ఫిన్, డాక్టరు రాసిన మార్ఫిన్, రెండు తాళాల బీరువాలోంచి సంతకం పెట్టి తెచ్చిన మార్ఫిన్ పెంటకుప్పలో పడి ఉంది. మనిషి గోడ గీరుతోంది. నేను వాకిట్లోకి వచ్చి, ఎవరికి వినపడాలో తెలియక, ఊరంతా వినపడేలా తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను.

వ్యాన్‌లో ఉన్న మందు వేశాను. ఆమె శరీరం కాస్త సడలాక, "ఈమెను వార్డుకు తీస్కపోదాం," అన్నాను. మా డ్రైవరు నా ఈడువాడే, రూల్సు మాట్లాడడంలో దిట్ట.

"మన వ్యాన్ల పేషెంట్లను ఎక్కించద్దు మేడం. రూల్ లేదు."

నేను వాడి మొహం చూశాను. వాడు మంచం వైపు చూశాడు.

"కాళ్ళకెళ్ళి నేను పట్టుకుంట. తలకెళ్ళి మీరు పట్టుండ్రి," అన్నాడు.

దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మీ అన్న ఆఫీసు పని మీద పోయిండు చెల్లె. ఎంక్వైరీ అయిందంట. సంతకం కోసం పెద్దాఫీసుకు తీస్కపోతున్నరని జీపుల కెళ్ళి చెప్పిండు. జర ఆలస్యమైతది. ఆఫీసంటె గట్లనే ఉంటది."

నేను ఆమె దుప్పటి సర్దాను. డ్రైవరు అద్దంలో నన్ను చూశాడు. ఆమెకి నిజం చెప్పే మనిషి ఆ వ్యాన్‌లో లేడు, ఆ ఊళ్ళోనూ లేడు.

మరునాడు జైలుకి పోయి ఆయన నోటే సంగతంతా విని, కేసు కాయితం చూసి, స్టేషన్‌కి పోయాను. ఆ ఎస్సై రాక్షసుడేం కాదు. నాకూ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించబోయాడు. వద్దన్నాను. ఆ చాయ్ సంగతి నాకు తెలుసు.

"ఆయన మీ కాడికే వచ్చిండు గద సార్. బస్టాండ్ల పారిపోతుంటె పట్టుకున్నమని ఎట్ల రాసిన్రు?"

"గది ఫార్మాట్ మేడం. అందరికీ గట్లనే రాస్తం."

"ఆయన కాళ్ళు చూసిన్రా?"

ఆయన కేసు ఫైలు తిరగేశాడు. చూశాడు, కానీ చూడలేదు. నేను చెప్పాను కదా, మా జిల్లాలో ఆ కాళ్ళని ఎవరూ ఆగి చూడరు.

"మరి ఆయన దరఖాస్తేది? సీసా ఏది? డాక్టర్ చీటీ ఏది?"

"ఏ దరఖాస్తు?" అన్నాడు. అని, గొంతు తగ్గించి, "మేడం, మీటింగ్ల ఎన్ని కేసులు పట్టినవని అడుగుతరు. ఎంతమందికి దారి చెప్పినవని ఎవలూ అడుగరు. మీరు సర్కారు మనిషే, అర్థం చేసుకోవాలె," అన్నాడు.

అర్థం చేసుకున్నాను. అర్థమైన కొద్దీ ఇంకా మండింది.

జామీను అడగాలంటే ఆమె పరిస్థితి మీద దవాఖాన కాయితం కావాలంది లాయరమ్మ. ఉచిత న్యాయ సహాయం కింద వచ్చిన అమ్మాయి, అప్పుడప్పుడే ప్రాక్టీసు పెట్టింది. నేను మా పెద్ద డాక్టరు గదికి పోయాను. ఆయన మంచి సర్జను, పిరికి మనిషి. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చని నాకు సర్వీసు మొదట్లోనే తెలిసింది.

"గంజాయి కేసమ్మా. మనం కాయితం ఇస్తే రేపు మన మార్ఫిన్ మీద పడతారు. వార్డే మూసేయమంటారు," అన్నాడు.

"పేషెంటు మన వార్డుల ఉన్నదని రాయమంటున్న సార్. చూసుకునేటోడు ఒక్కడే అని రాయమంటున్న. ఆకు సంగతి రాయమంటలేను."

"వద్దమ్మా. మనకెందుకు?"

నేను నడుముకి ఉన్న బీరువా చెవి తీసి ఆయన బల్ల మీద పెట్టాను. "గిది సుత మీరే ఉంచుకోండ్రి సార్. మందు ఇచ్చుడు మనకు భయమైతె, రెండు చెవులు ఒక్క కాడనే ఉంటె మంచిది," అన్నాను.

ఆయన ఆ చెవిని మళ్ళీ నా వైపు జరిపాడు. తర్వాత పెన్ను తీశాడు. రాస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. రాశాడు కదా, గొణిగినా పర్వాలేదు.

ఇక కోర్టు రోజు. రిమాండు పొడిగింపుకి ఆయన్ని కూడా అదే రోజు తెచ్చారు. జైలు నుంచి వచ్చిన వాళ్ళ వరసలో, హాలు చివర గోడ పక్కన నిలబెట్టారు. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి, కోర్టులో ఎత్తొచ్చో లేదో అని దించేశాడు.

సర్కారు వకీలు కేసు చదివాడు. నమ్మకమైన సమాచారం మేరకు, బస్టాండు వద్ద, అనుమానాస్పదంగా, మమ్మల్ని చూసి పారిపోవడానికి ప్రయత్నించగా చుట్టుముట్టి పట్టుకున్నాము. మా లాయరమ్మ లేచింది. పువ్వు, కాయ లేని ఆకు చట్టం ప్రకారం గంజాయి కిందికి రాదని చెప్పింది. మట్టితో తూచారని చెప్పింది. దవాఖాన కాయితం ఇచ్చింది. జడ్జిగారు వింటున్నారు కానీ తలెత్తడం లేదు. ఆయన ముందు ఆ రోజు కట్టలు కట్టలుగా ఉన్నాయి.

చివరికి ఆ పిల్ల, "ఒక్క మనవి. నిందితుణ్ణి ముందుకు రమ్మనండి, చాలు," అంది.

పిలిచారు. ఆయన కదిలాడు. కర్ర జైల్లోనే ఉండిపోయింది. పక్కనున్న కానిస్టేబుల్ భుజం పట్టుకొని, వంకర కాళ్ళు ఈడ్చుకుంటూ, వంగని నడుముతో, బల్లల మధ్య నుంచి రావడం మొదలుపెట్టాడు. వస్తూనే ఉన్నాడు. గుమాస్తా టైపు కొట్టడం ఆపేశాడు. జడ్జిగారు తలెత్తారు, కళ్ళజోడు తీశారు. ఆయన ఇంకా వస్తూనే ఉన్నాడు. ముందుకు చేరి, ఆయాసంతో చేతులు కట్టుకొని, "ఆలస్యమైంది సారూ, మాఫ్ చెయ్యాలె," అన్నాడు.

జడ్జిగారు ఎస్సై వైపు తిరిగారు. "ఈయన పారిపోతుంటే ఎంతమంది చుట్టుముట్టారండీ?"

హాలంతా ఘొల్లుమంది. వకీళ్ళు నవ్వారు, గుమాస్తాలు నవ్వారు, ఎస్సై కూడా తల వంచుకొని నవ్వాడు. అందరూ నవ్వుతున్నారు కదా అని, మర్యాదకి ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం అక్కడున్న బల్ల ఎత్తి విసిరేయాలనిపించింది. పట్టుబడింది ఒక అబద్ధం. ఆ అబద్ధం మీద ఒక మనిషి జైల్లో ఉన్నాడు, ఇంకో మనిషి మంచం మీద ఉంది. ఇందులో నవ్వడానికి ఏముంది?

జామీను ఇచ్చారు. బయటికి తీసుకుపోతుంటే ఎదురుపోయాను. ఆయన అడిగింది ఒక్కటే. "ఆమె తిన్నదా?"

జామీను ఇచ్చారంటే వదిలేశారని కాదు. పూచీకి మనుషులు కావాలి. గంజాయి కేసు అనగానే ఊళ్ళో వాళ్ళు తలుపులు వేసుకున్నారు. నేను ఉంటానంటే, సర్కారు ఉద్యోగి పూచీ ఉండాలంటే శాఖ అనుమతి కావాలన్నారు. మళ్ళీ అనుమతి! చివరికి అదే ఊరి రైతులు ఇద్దరు, అన్నదమ్ములు, పాసుబుక్కులు జేబులో పెట్టుకొని వచ్చారు. "మా పట్టా కోసం ఆఫీసు చుట్టు ఆయన తిరిగిన తిరుగుడు మేం తిరగలే మేడం. ఊరు ఏమన్నా అనుకోని," అన్నాడు పెద్దాయన. వాళ్ళ కాయితాలు సరిచూసేలోపు, కోర్టు సెలవులు దాటేలోపు, ఉత్తర్వు జైలుకి చేరేలోపు వార్డులో ఆమె రోజురోజుకీ తగ్గిపోతోంది. నొప్పి లేకుండా చూశాం. తిండి మాత్రం లోపలికి పోలేదు. తెలివి ఉన్నప్పుడల్లా ఒకటే ప్రశ్న. "సంతకమయిందంటనా?"

ఒక పొద్దున నేను ఆమె పెదాలు తడుపుతుంటే వరండాలో టక్, టక్ అని కర్ర చప్పుడు వినిపించింది. ఆమె కళ్ళు తెరవకుండానే, "వచ్చిండు," అంది.

ఆయన మంచం దాకా వచ్చేసరికి కళ్ళు తెరిచింది. ఎంత సన్నబడ్డాడో చూసిందో లేదో నాకు తెలియదు. "వచ్చినవా? ఇచ్చిండ్రా?" అంది.

ఆయన నా వైపు చూశాడు. ఆయన అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇచ్చిండ్రు," అన్నాడు.

"సంతకం పెట్టిండ్రా?"

"పెట్టిండ్రు. ముద్ర సుత ఏసిండ్రు."

"నేను చెప్పలే చెల్లె?" అంది ఆమె నన్ను చూసి. "ఈయన దరఖాస్తు ఎన్నడూ ఉట్టిగ తిరిగి రాలే."

ఆయన గంజి కలిపి చెంచాతో పెట్టాడు. రెండు చెంచాలు మింగింది. ఆ వారం దాటలేదు. ఆయన ఒళ్ళోనే పోయింది, నొప్పి లేకుండానే పోయింది. మా వార్డు చేయగలిగింది అదే, అది చేశాం.

అయిపోయిందనుకున్నారా? కేసు ఉంది కదా! ఏళ్ళ తరబడి వాయిదాలు. చనిపోయిన భార్య వాంతులు ఆగాలని ఆకు తెంపిన కేసుకి ఆ కాళ్ళతో బస్సెక్కి వచ్చేవాడు, పేరు పిలిచేదాకా గోడకి ఆనుకొని నిలబడేవాడు, ఇంకో తారీకు ఇస్తే దండం పెట్టి పోయేవాడు. నేను ఈలోపు రిటైరయ్యాను. ఎస్సైకి ప్రమోషన్ వచ్చిందని విన్నాను. ఎట్టకేలకి ల్యాబు రిపోర్టు తెప్పించారు. ఆకులు, కాడలు, వేళ్ళు, మట్టి. పూత లేదు. కేసు కొట్టేశారు. తీర్పు ఎంతసేపు చదివారో తెలుసా? నేను కళ్ళజోడు తుడుచుకొని పెట్టుకునేలోపు అయిపోయింది.

బయటికి వచ్చాక, ఇక ఇంటికి పోదాం అన్నా అన్నాను. ఆయన చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాయితం తీశాడు.

"ఇయ్యాల సోమారం గద సిస్టరమ్మా. కలెక్టరాఫీసుల ప్రజావాణి ఉంటది. జర నాతోని వస్తవా?"

అదే దరఖాస్తు. కొత్తగా రాయించాడు.  పోయాం. వరసలో కూర్చున్నాం. మా వంతు వచ్చింది. కాయితాలు తీసుకునే చిన్న ఉద్యోగి చదివి, ఇంకోసారి చదివి, "పేషెంటు ఏరి పెద్దాయనా?" అన్నాడు.

"లేదు సారూ. పోయింది."

"పోయిందా? మరి ఇప్పుడు పర్మిషన్ ఎందుకు?"

"ఇచ్చిండ్రని చెప్పిన సారూ ఆమెకు. గది అబద్ధం కావద్దు గద," అన్నాడాయన.

ఆ ఉద్యోగి కాయితం తీసుకున్నాడు. ఏ శాఖకి పంపాలో పక్కవాళ్ళని అడిగాడు. వాళ్ళకీ తెలియదు. వైద్యమన్నారు ఒకరు, ఆబ్కారీ అన్నారు ఒకరు. చివరికి ముద్ర వేసి రసీదు ఇచ్చాడు.

పిల్లలారా, ఆ ఆకు మంచిదని గానీ చెడ్డదని గానీ చెప్పడానికి ఇదంతా రాయలేదు. అది డాక్టర్లు తేల్చాలి, తొందరగా తేల్చాలి. దారి ఉందని పుస్తకంలో రాసి, ఆ దారి అడిగినవాణ్ణి పట్టి లోపలేస్తే మాత్రం మీరు ఊరుకోకండి. మీ నడుముకి కూడా ఒక బీరువా చెవి ఉంటుంది. అది ఊరికే ఇవ్వలేదు మీకు.

మొన్న ఆయన ఫోన్ చేశాడు. గొంతులో ఎన్నాళ్ళకో హుషారు.

"సిస్టరమ్మా, నా దరఖాస్తు కదిలిందంట. ఎంక్వైరీకి జీపు వస్తదంట."

 "నేను వచ్చెదాక జీపెక్కకు అన్నా," అని అరిచాను.

"గదెట్ల సిస్టరమ్మా," అన్నాడాయన. "ఊరికి కొత్తోళ్ళు. దారి చూపెట్టాలె గద."